రోమాల ఫైళ్లు ఎవరి బీరువాలో ఉండాలి?

ఏప్రిల్ 8 వచ్చిందంటే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది. యూరప్‌లో కోటిమంది దాకా రోమాలనే మనవాళ్లు ఉన్నారనీ, వాళ్లనే జిప్సీలంటారనీ, నీళ్లను పానీ అంటారనీ, వాళ్ల జెండా మీద మన చక్రం ఉందనీ అందులో ఉంటుంది. పక్కన అద్దాల రవిక వేసుకున్న లంబాడీ అవ్వ ఫొటో, పూల పూల లంగా కట్టిన రుమేనియా అమ్మాయి ఫొటో. కింద వరసగా దణ్ణాలు. ఈసారి అది వచ్చిన వారంలోనే మా బాబాయి వాళ్లు యూరప్ టూర్‌కి బయల్దేరారు. అదే గ్రూపులో, దణ్ణాలు పెట్టిన ఆ చేతులే సలహా కూడా పెట్టాయి: "స్టేషన్లలో జిప్సీలుంటారు, పర్సు ముందు జేబులో పెట్టుకోండి." రెండు మెసేజీలకీ లైకులు వచ్చాయి.

చెక్ దేశంలోని బ్ర్నోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా పిన్ని కొడుకు అప్పుడే ఫోన్లో ఇంకో సంగతి చెప్పాడు. ఏదో బట్టల షాపుకి వెళ్తే సెక్యూరిటీ మనిషి వీడు ఏ వరసలోకి వెళ్తే ఆ వరసలోకి వచ్చాడట. కౌంటర్ దగ్గర ఇంగ్లీషులో మాట్లాడి, ఇండియా నుంచి వచ్చానని చెప్పేసరికి మొహం మార్చి సారీ చెప్పాడట. "నన్ను జిప్సీ అనుకున్నాడక్కా" అని వాడు నవ్వాడు. నవ్వినందుకు వాణ్ణి తప్పుపట్టను. పరాయి ఊళ్లో అవమానాన్ని దిగమింగడానికి నవ్వు ఒక దారి. కానీ "ఇండియా" అన్న మాట వాణ్ణి గట్టెక్కించింది. ఆ ఊళ్లోనే పుట్టిన రోమా కుర్రాడు మా పూర్వీకులది ఇండియా అని చెబితే ఏమంటారు? అయితే అక్కడికే పో అంటారు. ఈ మాట ఊహించి రాయడం లేదు. అక్కడ రోమా వ్యతిరేక ర్యాలీల్లో ఏళ్ల తరబడి వినిపిస్తున్న పాత పాటే అది.

అందుకే రోమాల సంస్కృతిని కాపాడాలనే వాళ్లు ఎవరైనా సరే, అది మన ప్రభుత్వమైనా, యూరప్ ప్రభుత్వాలైనా, మా గ్రూపులో దణ్ణాలు పెట్టేవాళ్లైనా, ముందు ఒకటి తేల్చాలి. వాళ్ల గురించిన కాగితాలు, పేర్లు, పాటలు, వాళ్లు చచ్చిపోయిన చోట్లు ఎవరి అధీనంలో ఉండాలి? హక్కులు లేని మనిషి గురించి ఎంత ప్రేమగా రాసిపెట్టినా, అది ఏదో ఒక రోజు పోలీసు ఫైలుగా మారొచ్చు. రోమాల చరిత్రలో ఇది జరిగింది కూడా.

మనవాళ్లే అనడంలో ఉన్న సుఖం

వాళ్ల మూలం మన దేశమే అన్నదానిలో సందేహం లేదు. 1782లో రూడిగర్ అనే జర్మన్ పండితుడు వాళ్ల భాష రోమానీనీ హిందుస్తానీనీ పక్కపక్కన పెట్టి చూపించాడు. ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు మన వైపువి, ఏడు, ఎనిమిది, తొమ్మిది మాత్రం గ్రీకువి. వాళ్లు ఏ దారిన వెళ్లారో అక్కడే తెలిసిపోతుంది. లంబాడీల సంగతి వేరు. వాళ్ల భాష గోర్ బోలీకి రాజస్థానీతో చుట్టరికం ఉంది, రోమానీకీ ఉత్తరాది భాషల కుటుంబంతో చుట్టరికం ఉంది. అంతమాత్రాన మహబూబాబాద్ తండాకీ ట్రాన్సిల్వేనియా ఊరికీ నేరుగా వంతెన కట్టేయలేం. ఫొటోల్లో లంగాలు కలిసినంత తేలిగ్గా చరిత్రలు కలవవు.

రాజకీయంగా ఈ బంధుత్వాన్ని పైకి తెచ్చింది 1971 ఏప్రిల్‌లో లండన్ దగ్గర ఓర్పింగ్టన్‌లో జరిగిన మొదటి ప్రపంచ రోమానీ మహాసభ. నీలం, పచ్చ జెండా మీద పదహారు ఆకుల ఎర్ర చక్రం అక్కడే ఖాయమైంది. ఏప్రిల్ 8 అంతర్జాతీయ రోమా దినం అయింది కూడా ఆ సభ వల్లే. సభ ఖర్చులో కొంత భారత ప్రభుత్వం భరించింది. మన విదేశాంగ శాఖలో పనిచేసిన పంజాబీ భాషావేత్త డబ్ల్యూ.ఆర్. రిషి దాని వెనక ఉన్నవాళ్లలో ఒకరు. తర్వాత చండీగఢ్‌లో రోమా ఉత్సవాలు జరిపించిందీ ఆయనే. 1983 ఉత్సవానికి ఇందిరాగాంధీ వచ్చారు. 2016లో ఢిల్లీలో జరిగిన సదస్సులో సుష్మా స్వరాజ్ రోమాలను భారతదేశపు బిడ్డలన్నారు. ఆ రోజు చప్పట్లు బాగానే పడి ఉంటాయి.

నాకు నచ్చనిది బంధుత్వం చెప్పుకోవడం కాదు. అందులో మనం ఎంచుకునే పూర్వీకులు ఎవరన్నది చూడండి. మన దగ్గర ఎక్కువగా చలామణీలో ఉన్న కథలో రోమాలు గజనీ మీద పోరాడి చెదిరిపోయిన రాజపుత్ర వీరులు. వినడానికి బాగుంటుంది. 2012లో మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఎస్టోనియా వాళ్లతో కలిసి చేసిన జన్యు పరిశోధన ఇంకో వైపు చూపించింది. రోమా మగవాళ్లలో ఎక్కువగా కనిపించే ఒక వంశగుర్తును దేశమంతటి నమూనాలతో పోల్చి చూస్తే, వాయవ్య భారతంలోని దళిత, ఆదివాసీ సమూహాలకు, ముఖ్యంగా డోమ్ అని పిలిచే కులాల పూర్వీకులకు దగ్గరగా తేలింది. భాషా పండితుల్లో చాలామంది రోమ్ అన్న పేరు ఆ డోమ్ నుంచే వచ్చిందని ఎప్పటినుంచో అంటున్నారు. తార్నాకలో కూర్చుని చేసిన పరిశోధన ఇది. మా గ్రూపు ఫార్వర్డ్‌లోకి మాత్రం ఎక్కలేదు. శ్మశానాల్లో కట్టెలు పేర్చే డోమ్ కులం వాళ్లని "మనవాళ్లు" అనడానికి కాశీలోనే మనకు నోరు రాదు. బుకారెస్ట్‌లో ఉన్నవాళ్ల మీద ప్రేమకు ఖర్చు లేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఈ భారత మూలం అనే మాట రోమా ఉద్యమకారులకు చాలా పనికొచ్చింది. దొంగలు, దేశదిమ్మరులు అని తప్ప ఇంకో గుర్తింపు ఇవ్వని చోట మాదీ ఒక జాతే, మాకూ ఒక భాష ఉంది అని చెప్పడానికి అది ఊతకర్ర అయింది. ఆ కర్ర పట్టుకోవాలో వద్దో వాళ్లు తేల్చుకుంటారు. దాన్ని మనం లాక్కుని ఊపుతూ ఊరేగడమే నాకు ఇబ్బంది.

పిల్లలు ముద్దుపేరు పెట్టిన పరిశోధకురాలు

1936లో నాజీల ఏలుబడిలో ఉన్న బెర్లిన్‌లో రాబర్ట్ రిట్టర్ అనే వైద్యుడు "జాతి పరిశుభ్రత" పరిశోధన కేంద్రం పెట్టాడు. పని ఏమిటంటే జర్మనీలోని సింతీ (అక్కడ ఎప్పటినుంచో ఉన్న రోమా శాఖ), రోమా కుటుంబాలన్నిటి వంశవృక్షాలు తయారుచేయడం. తలలు కొలిచారు, కళ్ల రంగు రాసుకున్నారు, ముఖాల అచ్చులు తీశారు, తాతల పేర్లు, ముత్తాతల పేర్లు అడిగారు. అతని సహాయకురాలు ఎవా జస్టిన్‌కి వాళ్ల భాష వచ్చు. చక్కగా మాట్లాడేది, పిల్లలతో కలిసిపోయేది. ఎర్రజుట్టు పిల్ల అని వాళ్ల భాషలో ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. మా భాష నేర్చుకుని మా ఇంటికొచ్చి మా పాటలు వింటున్న మనిషి అని నమ్మి అడిగినవన్నీ చెప్పారు. ఆ కేంద్రం దాదాపు 24 వేలమంది మీద "నివేదికలు" తయారుచేసింది. ఎవరిని శిబిరాలకు వెళ్లే బండి ఎక్కించాలో పోలీసులకు చెప్పినవి అవే.

తన డాక్టరేట్ కోసం జస్టిన్ తల్లిదండ్రుల దగ్గర్నుంచి వేరుచేసిన సింతీ పిల్లలను ఎంచుకుంది. ముల్‌ఫింగెన్ అనే ఊళ్లో ఒక క్యాథలిక్ అనాథాశ్రమంలో వాళ్లు ఉండేవాళ్లు. పరిశోధన అయ్యేదాకా ఆ పిల్లల జోలికి ఎవరూ రాలేదు. అయిపోయాక 1944 మేలో 39 మందిని ఆష్‌విట్జ్ మరణశిబిరానికి పంపారు. బతికి బయటపడింది నలుగురు. ఆ ఆగస్టు 2 రాత్రి ఆష్‌విట్జ్-బిర్కెనావ్‌లో జిప్సీల శిబిరం మొత్తాన్ని ఖాళీ చేసి, మిగిలిన 4 వేలమందికి పైగా మనుషుల్ని గ్యాస్ చాంబర్లకు తోలారు. యూరప్ పార్లమెంటు ఆ తేదీని స్మారక దినంగా గుర్తించడానికి 2015 దాకా పట్టింది.

యుద్ధం అయ్యాక జరిగింది చదివితే నాకు ఇంకా ఒళ్లు మండుతుంది. రిట్టర్, జస్టిన్ ఇద్దరూ ఫ్రాంక్‌ఫర్ట్ నగరపాలనలో ఉద్యోగాలు సంపాదించుకున్నారు. పిల్లల మానసిక పరిస్థితి చూసే ఉద్యోగాలు! వాళ్ల ఫైళ్లు చేతులు మారుతూ పరిశోధకుల దగ్గరే తిరిగాయి. 1956లో పశ్చిమ జర్మనీ అత్యున్నత న్యాయస్థానం 1943కి ముందు జిప్సీల మీద జరిగింది జాతి వేధింపు కాదు, నేరాల నివారణ అని తీర్పు చెప్పింది. దాంతో పరిహారాలు ఆగిపోయాయి. 1963లో తీర్పు కొంత మారింది, అప్పటికి చాలామంది ముసలివాళ్లు పోయారు. దానికి సిగ్గుపడాల్సిందేనని అదే కోర్టు అధ్యక్షురాలు అన్నది 2015లో. బవేరియా పోలీసులైతే సంచారుల పేరుతో ఒక ప్రత్యేక విభాగాన్ని నడుపుతూ యుద్ధం అయ్యాక కూడా చాలా ఏళ్లు పాత కాగితాలను వాడుకుంటూనే వచ్చారు.

1980 ఈస్టరుకి డాఖావ్ పాత నిర్బంధ శిబిరంలో కొందరు సింతీలు నిరాహారదీక్షకు కూర్చున్నారు. శిబిరాల్లోంచి బతికొచ్చిన పెద్దవాళ్లు, రోమానీ రోజ్ లాంటి యువకులు. వాళ్ల డిమాండ్లలో ఒకటి ఆ పోలీసు ఫైళ్లు ఎక్కడున్నాయో చెప్పమని. మరుసటి ఏడాది సెప్టెంబరులో కొందరు ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం ఆర్కైవులోకి వెళ్లి బైఠాయించారు. రిట్టర్ కేంద్రం కాగితాలు అక్కడ ఉన్నాయి. అదే రోజు వాటిని ప్రభుత్వ జాతీయ ఆర్కైవుకి తరలించేలా చేశారు. 1982లో ఛాన్సలర్ హెల్ముట్ ష్మిట్ జరిగింది జాతి నిర్మూలనే అని అధికారికంగా అన్నాడు. ఆ క్రమం చూడండి. మ్యూజియం అడగలేదు, పండుగ అడగలేదు. మా ఫైలు ఎక్కడుంది అని అడిగారు.

ఇప్పటికీ జర్మన్ సింతీల్లో చాలామంది తమ భాషను బయటివాళ్లకు నేర్పొద్దంటారు. బడిలో పాఠంగా పెట్టొద్దంటారు. నిఘంటువులు అచ్చువేస్తే బాధపడతారు. భాషాభిమానులకు ఇది మింగుడు పడదు. రాయకపోతే పోతుంది కదా అంటారు. రాసుకుంటూ వచ్చిన మనిషి వాళ్ల ఇంట్లో పిల్లల్ని ఏం చేసిందో తెలిశాక ఆ వాదన వాళ్ల ముందు పెట్టడానికి నాకు ధైర్యం చాలదు.

స్టువార్టుపురం పక్కనే ఉంది

ఇలాంటిది మన దగ్గర లేదనుకునేవాళ్లు బాపట్ల వైపు రైల్లో వెళ్లేటప్పుడు స్టువార్టుపురం స్టేషన్ బోర్డు చూడాలి. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల కుటుంబాలను తెచ్చి 1913లో సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో పెట్టిన సెటిల్‌మెంట్ అది. పుట్టుకతోనే దొంగలని రాసేసి, వేలిముద్రలు తీసుకుని, రోజూ హాజరు వేయించేవాళ్లు. అదే కాలంలో దక్షిణాది కులాల గురించి ఏడు సంపుటాలు రాసిన ఎడ్గర్ థర్‌స్టన్ మద్రాసు మ్యూజియం పెద్ద. మనుషుల తలలు, ముక్కులు కొలిచిన ఆయనే పోలీసులకు ఆ కొలతల విద్యా నేర్పాడు. మన వ్యాసాల్లో ఆయన్ని ఇప్పటికీ సంస్కృతిని నమోదు చేసిన మహానుభావుడిగానే తలుచుకుంటాం.

చట్టం 1952లో పోయింది, దాని స్థానంలో అలవాటు నేరగాళ్ల చట్టాలు వచ్చాయి. ఎరుకల, యానాది ఇళ్లలో పెద్దవాళ్లకు ఊళ్లో దొంగతనం జరిగితే ముందు ఎవరి గుమ్మం తడతారో చెప్పక్కర్లేదు. దీన్నీ ఆష్‌విట్జ్‌నూ ఒక్క గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. కానీ రోమాలతో మనకు నిజంగా పోలిక ఎక్కడైనా ఉందంటే అద్దాల లంగాలో కంటే ఈ హాజరు పుస్తకంలో ఎక్కువ ఉంది.

అయితే అసలు రాయొద్దా?

ఇక్కడికి వచ్చేసరికి నా వాదన నాకే ఇరుకవుతుంది. రాయొద్దు, భద్రపరచొద్దు అంటే ఎవరికి లాభం? ముసలివాళ్లతోపాటు పాటలు పోతున్నాయి. ఎన్నో కుటుంబాల్లో పిల్లలకు భాష రాదు. వాళ్ల అమ్మానాన్నలకు బడిలో దెబ్బలు పడ్డాయి కాబట్టి ఇంట్లో మాట్లాడటం మానేశారు. ఈ మానిపించడం పాత సంగతే. పద్దెనిమిదో శతాబ్దంలో ఆస్ట్రియా రాణి మరియా థెరీసా, ఆమె కొడుకు రెండో జోసెఫ్ ఆ భాష మాట్లాడితే శిక్షలు వేశారు, పిల్లల్ని లాక్కుని రైతు కుటుంబాల్లో పెట్టించారు. అంత చేసినా నిలబడ్డ భాష ఇప్పుడు టీవీ ముందు కూర్చుని పోతుంటే ఊరుకోవాలా?

సరిగ్గా పనిచేసిన బయటివాళ్లూ ఉన్నారు. ప్రాగ్‌లో హిందీ, ఉర్దూ, బెంగాలీ చదువుకున్న మిలేనా హ్యూబ్ష్‌మనోవా రోమాలు మాట్లాడుకుంటుంటే విని, నాకు అర్థమవుతోందే అని ఆశ్చర్యపోయి జీవితమంతా అందులోనే గడిపింది. ఆమె పద్ధతిలో నాకు నచ్చింది ఒకటుంది. కథలు రాసుకుని వెళ్లిపోకుండా, మీరే రాయండి అని వాళ్ల వెంటపడేది. చార్లెస్ విశ్వవిద్యాలయంలో 1991లో రోమానీ చదువుల విభాగం ఆమె చొరవతోనే మొదలైంది. ఆమె పోరి రాయించిన వాళ్లలో కొందరు రచయితలయ్యారు. అదే ఏడాది బ్ర్నోలో రోమానీ సంస్కృతి మ్యూజియం పుట్టింది, దాన్ని మొదలుపెట్టిన వాళ్లలో రోమా మేధావులే ముందున్నారు.

కాబట్టి సముదాయం చేతుల్లో పెడితే సరిపోతుంది అనుకోవచ్చు. నేనూ అక్కడితో ఆపేద్దును, పాపూషా లేకపోతే.

పాపూషా అసలు పేరు బ్రొనిస్లావా వైస్. పోలండ్‌లో బండ్ల మీద తిరిగిన కుటుంబం. కోళ్లు తెచ్చి ఇచ్చి పక్కవాళ్ల దగ్గర అక్షరాలు నేర్చుకుందని చెబుతారు. 1949లో యెర్జీ ఫిట్సోవ్‌స్కీ అనే పోలిష్ కవి వాళ్ల బండ్లతో కలిసి తిరుగుతూ ఆమె పాటలు విని, రాయించి, అనువదించి అచ్చువేయించాడు. అతనికి ఆమె మీద నిజంగానే గౌరవం ఉంది. కానీ అప్పుడే కమ్యూనిస్టు ప్రభుత్వం సంచారుల్ని ఒకచోట కట్టిపడేసే పని మొదలుపెట్టింది. ఆమె కవిత్వాన్ని ఆ ప్రచారానికి వాడుకున్నారు. మా రహస్యాలు బయటివాళ్లకు అమ్మేసిందని సొంతవాళ్లు ఆమెను వెలివేశారు. రాసినవి చాలా కాల్చేసింది, కొన్నాళ్లు మానసిక ఆసుపత్రిలో ఉంది, 1987లో పోయేదాకా ఒంటరిగానే బతికింది.

ఈ కథలో నేను ఎవరి పక్షం? తాళం సముదాయం దగ్గరే ఉంది ఇక్కడ. ఆ తాళంతోనే ఒక ఆడమనిషిని బయటపెట్టి తలుపు వేశారు. పెద్దల భయం అర్థం చేసుకోలేనిదా అంటే కాదు. ఆష్‌విట్జ్ అయి పదేళ్లు కూడా కాలేదు, మళ్లీ ఒకడు నోట్‌బుక్కుతో వచ్చాడు. అయినా ఆమె కవిత్వం ఆమెది. "వాళ్ల సంస్కృతి వాళ్లకే వదిలేద్దాం" అనే మాటలో చాలాసార్లు వాళ్లు అంటే వాళ్లలో మగపెద్దలే. మన కుల సంఘాలు తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే నేను చివరికి వ్యక్తి హక్కు దగ్గరికే వచ్చి ఆగుతాను. నా పాట, నా పేరు, నా ఒంటి మీద జరిగినదాని కాగితం, ఇవి చెప్పడానికీ చెప్పకపోవడానికీ నాకు అధికారం ఉండాలి. ప్రభుత్వం ముందూ, పరిశోధకుడి ముందూ, మా పెద్దమనుషుల ముందూ.

ఒంటి మీద జరిగినది అని ఊరికే అనలేదు. చెకోస్లొవేకియాలోనూ, విడిపోయాక చెక్ దేశంలోనూ రోమా ఆడవాళ్లకు సరైన అనుమతి లేకుండా పిల్లలు పుట్టని ఆపరేషన్లు చేశారు. కాన్పు నొప్పుల్లో ఉండగా కాగితం మీద సంతకం పెట్టించుకున్న సందర్భాలున్నాయి. ఓస్ట్రవా ప్రాంతపు ఆడవాళ్లు సిగ్గు పక్కనపెట్టి బయటికొచ్చి చెప్పారు. వాళ్లలో ఎలేనా గొరొలోవా ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లింది. 2009లో ప్రభుత్వం విచారం ప్రకటించింది, 2021లో చట్టం తెచ్చి ఒక్కొక్కరికి 3 లక్షల చెక్ క్రోన్ల పరిహారం అంది. తీరా దరఖాస్తు పెట్టుకుంటే ఆపరేషన్ జరిగినట్టు ఆసుపత్రి రికార్డు చూపించమన్నారు. గడువు దాటిందని పాత రికార్డులు ఆసుపత్రులు ఎప్పుడో నాశనం చేసేశాయి. వేధించడానికి పనికొచ్చే ఫైలు చేతులు మారుతూ భద్రంగా ఉంటుంది, న్యాయానికి పనికొచ్చే ఫైలు చెత్తబుట్టకి పోతుంది.

పందుల ఫారం

మా పిన్ని కొడుకు ఉండే దేశంలోనే లేటీ అనే చిన్న ఊరు. 1942 ఆగస్టు నుంచి 1943 దాకా అక్కడ రోమాల శిబిరం నడిచింది. కాపలా కాసింది జర్మన్లు కాదు, చెక్ జెండార్మ్‌లు, అంటే సాయుధ పోలీసులు. దాదాపు 1,300 మందిని అందులో పెట్టారు, 327 మంది అక్కడే చనిపోయారు, ఎక్కువమంది పిల్లలు. 500 మందికి పైగా ఆష్‌విట్జ్‌కి వెళ్లారు. యుద్ధానికి ముందు చెక్ ప్రాంతాల్లో ఉన్న రోమాల్లో పదోవంతు మాత్రమే మిగిలారు.

1970ల్లో ఆ చోటే పందుల ఫారం కట్టారు. వేల పందులు. ఏటా సంస్మరణకు వచ్చిన బంధువులు ఆ కంపు పీలుస్తూనే పూలు పెట్టి వెళ్లేవాళ్లు. కమ్యూనిస్టు ప్రభుత్వం పోయాక కూడా ఫారం పాతికేళ్లకు పైగా నడిచింది. అంత డబ్బు ఎందుకు దండగ అనేవాళ్లు కొందరు, అక్కడ ఉన్నది పనిదొంగల శిబిరమే అనేవాళ్లు కొందరు. చివరికి 2017లో ప్రభుత్వం దాదాపు 45 కోట్ల క్రోన్లు ఇచ్చి కొనడానికి ఒప్పుకుంది, 2022లో కూల్చివేత మొదలైంది, 2024లో స్మారకం తెరిచారు. నిర్వహణ బ్ర్నో రోమా మ్యూజియానిది.

వారసత్వం అంటే పాట, నాట్యం, కంచుపని అనుకునేవాళ్లకు ఈ ఊరు చూపించాలనిపిస్తుంది. రోమా ఫిడేలు వినడానికి బుడాపెస్ట్ హోటళ్లలో టేబుల్ బుక్ చేసుకునే యూరప్‌కి, స్పెయిన్ రోమాల చేతుల్లో పెరిగిన ఫ్లమెంకోని 2010లో యునెస్కో జాబితాలో చేర్చుకుని మురిసిన యూరప్‌కి, ఈ ఫారం తీయించడానికి అన్నేళ్లు పట్టింది. అది రోమాల వారసత్వం మాత్రమే అయితే అంత ఆలస్యం అయ్యేది కాదేమో. చెక్ దేశపు చరిత్ర కూడా కాబట్టే అంత కష్టమైంది. రుమేనియా సంగతీ ఇంతే. వలాకియా, మోల్డావియాల్లో మఠాలు, జమీందార్లు, రాజులు రోమాలను దాదాపు ఐదు వందల ఏళ్లు బానిసలుగా ఉంచారు. 1856 దాకా మనుషుల్ని కొన్నారు, అమ్మారు. ఫిబ్రవరి 20ని విముక్తి దినంగా రుమేనియా చట్టంలో పెట్టింది 2011లో.

"వాళ్ల సంస్కృతిలోనే చదువు లేదు"

ఈ మాట నేను రెండు చోట్ల విన్నాను, యూరప్ గురించి ఒకసారి, మన తండాల గురించి చాలాసార్లు. సంస్కృతి అనే మాటను ఇంత సుఖంగా వాడుకునే చోటు బడి తర్వాత ఇంకోటి లేదు.

ఓస్ట్రవాలో రోమా పిల్లలు మందబుద్ధి పిల్లల కోసం పెట్టిన ప్రత్యేక బడుల్లో పడే అవకాశం మిగతా పిల్లల కంటే 27 రెట్లు ఎక్కువ. పెట్టిన పరీక్షలు చెక్ భాషలో, చెక్ ఇళ్లలో పెరిగే పిల్లల అలవాట్ల మీద. పద్దెనిమిది మంది పిల్లల తరఫున వేసిన కేసులో 2007 నవంబరు 13న యూరప్ మానవ హక్కుల కోర్టు విస్తృత ధర్మాసనం ఇది పరోక్ష వివక్ష అని తేల్చింది. అంతకు ముందు ఏడాది చిన్న బెంచ్ వాళ్లకు వ్యతిరేకంగా చెప్పింది. తల్లిదండ్రులు సంతకం పెట్టారు కదా అన్న వాదననూ పెద్ద ధర్మాసనం ఒప్పుకోలేదు. ఏం వదులుకుంటున్నారో చెప్పకుండా తీసుకున్న సంతకం అనుమతి కాదు, వివక్షకు గురికాకుండా ఉండే హక్కును అసలు వదులుకోనే కూడదు అంది. పరిహారం ఒక్కొక్కరికి 4 వేల యూరోలు. అప్పటికి పిల్లలు పెద్దవాళ్లయిపోయారు. బడుల పేర్లు మారాయి, పిల్లలు మాత్రం చాలా చోట్ల అలాగే విడిగా కూర్చుంటున్నారు. హంగేరీలో జ్యోంజ్యోష్‌పటా ఊరి బడిలో రోమా పిల్లల్ని వేరుగా కూర్చోబెట్టినందుకు 2020లో అత్యున్నత న్యాయస్థానం పరిహారం ఖాయం చేస్తే, పనిచేయకుండా డబ్బా అని ప్రధాని ఓర్బాన్ మండిపడ్డాడు.

ఈ మధ్యే ఒక పరిచయస్తుడు అడిగాడు: చదువు, ఉద్యోగం, ఇల్లు ఇస్తే సంస్కృతి దానంతటదే పోతుంది కదా, రెండూ కావాలంటే ఎలా అని. ఆ ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యే పక్కన ఉన్న షుటో ఒరిజారి. 1963 భూకంపం తర్వాత పెరిగిన పేట, 1996లో సొంత మునిసిపాలిటీ అయింది. రోమాలే మెజారిటీ, రోమానీ అక్కడ అధికార భాషల్లో ఒకటి, మేయర్లు రోమాలు. పేదరికం ఉంది, చెత్త సమస్య ఉంది, స్థానిక రాజకీయాల కుళ్లు అంతా ఉంది. మన ఏ మునిసిపాలిటీలో లేదు? మునిసిపల్ ఆఫీసులో సొంత భాషలో తగాదా పెట్టుకోగలిగిన భాష అంత తొందరగా చావదు. గోర్ బోలీ అంతమంది మాట్లాడుతున్నా ఎనిమిదో షెడ్యూల్లో చోటు లేదు. ఫార్వర్డ్ పంపే ఓపిక ఉన్నవాళ్లు దాని మీద ఒక అర్జీ రాయొచ్చు.

కొన్ని యూరప్ దేశాలు కలిసి 2005లో రోమాల కోసం ఒక దశాబ్దం ప్రకటించాయి, తర్వాత యూరప్ సంఘం ప్రణాళికలు వేసింది. 2021 సర్వే ప్రకారం రోమాల్లో 80 శాతం పేదరికపు అంచున ఉన్నట్టు తేలింది, అప్పటి మొత్తం యూరప్ సగటు 17 శాతం. లెక్కలు లేకపోతే నిధులు ఎలా ఇస్తాం అని అధికారులు అడుగుతారు. నిజమే. కానీ లెక్క ఇవ్వాల్సింది ఎవరు? చెక్ దేశంలో రెండున్నర లక్షల దాకా రోమాలు ఉంటారని అంచనా. 2021 జనగణనలో రెండు జాతీయతలు రాసుకోవచ్చని వెసులుబాటు ఇచ్చినా, రోమా అని రాసుకున్నవాళ్లు 22 వేలకు లోపే. దీన్ని చదువులేనితనం అనీ, సొంత జాతి మీద చిన్నచూపు అనీ అనేవాళ్లు రోమా నాయకుల్లోనే ఉన్నారు. అందులో కొంత నిజం ఉండొచ్చు. నాకు మాత్రం అందులో బుద్ధి కనిపిస్తుంది. తాత పేరు చెప్పిన ఇళ్లకు ఏం జరిగిందో తెలిసినవాళ్లు ఫారం నింపేటప్పుడు ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. అక్కడ ఎన్ని స్మారకాలు తెరిచారు, ఢిల్లీలో ఎన్ని సదస్సులు జరిగాయి అన్నదానికంటే నేను వచ్చే జనగణనలో ఆ అంకె కోసమే చూస్తాను. అది పెరిగితే భయం కొంచెం తగ్గినట్టు. పెరగకపోతే వాళ్లను ఎవరూ తప్పుపట్టడానికి లేదు.